ఏ కుండ మా నాయన

టెంకాయ నూనె సీసాలో రాయి మాదిరి బిగుసుకున్న చలి.
మా ఎగువపల్లె చెరువు తొమ్మిదేండ్లకు మరవ పారిన యేడు,
ఎక్కడెక్కడి చిలువలో వచ్చి
నీళ్లమీద ఈలలేస్తా ఉండె.

వారం ముందే వట్టి కుండలు వదిలిరి చెరువులో, పదకొండు.
పక్షులకు అలవాటు కావల్లంట.
మొదటి దినం దూరం జరిగినాయి.
మూడోనాటికి కుండల సందులో ఈదినాయి.
ఆరోనాటికి కుండ కూడా వాటికి చెరువే.
"నమ్మకం కుదిరింది" అనె కుళ్లాయప్ప చిన్నాయన,
సంబంధం ఖాయం చేసుకొచ్చినోడి మాదిరి.

నిజానికి నేను పోకూడదు. ఆడపిల్లను.
మా అన్నకు గవదబిళ్లలు లేచి
మంట కాడ కాపలాకు మనిషి తక్కువై
నిద్రలో లేపి, కంబడి చుట్టి తీసకపోయిరి.

కట్ట మీద ఇంకా నలుపే.
అరికాళ్లకు గడ్డి తడి సూదులు.
ధర్మవరం దస్తగిరి మామ కూడా వచ్చె.
"మగ్గం గుంతలో పెరిగిన కాళ్లు నావి, నాకేం చలి" అంటానే
పండ్లు టకటక కొట్టుకుంటా ఉండె, మగ్గం మాదిరే.
ముగ్గురూ ఒంటినిండా ఆముదం పూసుకునిరి.
నాయన వీపుకు నేను పూస్తి.
ఆ వీపున కొడవలి మచ్చ ఒకటుందని
ఆ పొద్దే తెలిసె నాకు.

కండ్లకు రెండు బొక్కలు పొడిచిన కుండలు
తలకు తగిలించుకుని
ఒకరెనకొకరు దిగిరి.
మోకాలు. నడుము. "అబ్బా" అని ఒక మాట.
ఆనెంక గొంతు.
ఆనెంక మనుషులు లేరు.

పద్నాలుగు కుండలు.
తూర్పు బూడిదరంగుకు తిరిగె.
మంచు నీళ్లమీద పొగలాగా లేస్తా ఉంటే
మంటలోకి కంప ఎగదోస్తా లెక్కపెడితి.
గాలితో పోయేది వట్టి కుండ.
గాలికెదురు పోయేది మనిషి.
ఒక చిలువ కుయ్యిమనకుండా మునిగె. అది చిన్నాయన.
కాళ్లు పట్టి లాగుతారు, అరుపు గొంతు దాటకముందే,
నడుముకు కట్టిన వలసంచిలో కుక్కుతారు.
ఇంకోటి మునిగె. దస్తగిరి మామ.
మరి నాయన?

ఒక కుండ కదల్లేదు.
గాలితోనూ లేదు, గాలికెదురూ లేదు,
నీళ్లల్లో గుంజ పాతినట్టు.
చలికి కాళ్లు కొంకర్లు పోతే మనిషి
నిలబడిన్నట్టే పోతాడని మా జేజి చెప్పింటాది.
అరిస్తే పక్షులు లేచిపోతాయి, తిడతారు.
అరవకుంటే
కంబడి కొస నోట్లో పెట్టుకుని నమిల్తి.
ఆ గొర్రె వాసన ఇప్పటికీ నాలుక మీదుంది.

వెలుగు ఇంకొంచెం పల్చనైనాక చూస్తి.
ఆ కుండ మీద ఒక చిలువ.
మెడ రెక్కలోకి దోపి, ఒంటికాలి మీద,
నిద్ర.

ఎంతసేపో నాకు కొలత తెలీదు.
రెండు మోపుల కంప కాలిపాయె.
చివరికి దస్తగిరి మామ తుమ్మె, కుండలోపల,
ఫిరంగి పేలినట్టు.
చెరువు చెరువే లేచిపోయినట్టు లేచె పక్షులు.

నాయన గట్టుకొచ్చేసరికి పెదాలు నేరేడు పండ్లు.
వేళ్లు ముడవడం లేదు. సంచి వట్టిది.
"అందరికన్నా దగ్గరికి నీకే వచ్చె కదరా!"
"నెత్తిమీదిది ఎట్ల పట్టేది?" అనె నాయన.
నవ్విరి. నవ్వుతానే పాదాలకు వేడి బూడిద రుద్దిరి.

ఇంటిదోవలో నా ఒక్కదానికే చెప్పె:
"బరువే లేదు మే.
కానీ గోళ్లు గీరితే ఎంత చప్పుడో, లోపలుండేవానికి."

ఆ మధ్యాన్నం ఏడు చిలువలు,
ఎండు మిరపకాయ, వెల్లుల్లి, రాగి సంగటి.
నాయన మారు పెట్టించుకున్యాడు.
ఎముకలు చీకినాడు. నేనూ చీకితి.

ఆ కుండ చాన్నాళ్లు కోళ్ల గూటి పక్కన పడుండె.
ఒక దినం ఎవరూ లేనప్పుడు తలకు పెట్టుకుంటి.
నా ఊపిరి తప్ప ఏమీ వినపడలే.
"కోడిపేలు పడతాయి, దించు మే"
అనె అమ్మ, ఎప్పుడొచ్చిందో.